కుళ్ళు లేని ఇల్లు

ఆ ఇంట్లో కూరగాయలు కుళ్ళవు. మెత్తబడతాయి, పాడవుతాయి, మరీ ముదిరితే పనికిరాకుండా పోతాయి. బుట్ట అడుగున టమాటా ఒకటి నీరుకారి చుట్టుపక్కలవాటిని కూడా తగలేసినా సరే, "దీనికేదో అయిందే" అని రెండు వేళ్ళతో పట్టుకుని పారేస్తారు తప్ప, కుళ్ళిందని మాత్రం కింది వంటింట్లో గానీ పై వంటింట్లో గానీ ఎవ్వరూ అనరు. అనకూడదని రూలేమీ పెట్టుకోలేదు. ఆరేళ్ళుగా అలా నడిచిపోతోందంతే.

కింది వాటాలో అన్నగారు, పెద్దకోడలు. పై వాటాలో తమ్ముడు, చిన్నకోడలు, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. డోర్ నంబరు ఒకటే, వీధి గేటు ఒకటే, పైకి మెట్లు కూడా కింది హాల్లోంచే. పెద్దకోడలు కిటికీ పక్కన మిషను వేసుకుని ఒక షాపు వాళ్ళకి కర్టెన్లు కుట్టి ఇస్తుంది. చిన్నకోడలు ఆసుపత్రిలో ఆపరేషన్ కత్తులూ కత్తెరలూ కడిగి, మరగబెట్టి, ఒక్క క్రిమి కూడా లేకుండా చేసి అప్పగించే పనిలో ఉంది. షిఫ్టు డ్యూటీలు కావడంతో పిల్ల పుట్టిన దగ్గర్నించీ పెంపకం సగానికి సగం కిందే జరిగింది.

పిల్లకి తొమ్మిదేళ్ళప్పుడు బడిలో ఏదో నాటకం వేశారు. తల్లి ఒక గౌను కొనుక్కొచ్చింది. పెద్దమ్మ ఒకటి కుట్టింది. పిల్ల పెద్దమ్మ కుట్టిందే వేసుకుంటానని మొండికేసింది. "నీకు నచ్చింది వేసుకోవే" అని పెద్దకోడలు ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోకుండా "అయినా ఆ రంగు దానికి నప్పదులే" అని ఒక ముక్క అంటించింది. అంతే, డ్యూటీ దిగి వచ్చిన ఒంటినొప్పుల మీద ఉన్న చిన్నకోడలు మెట్ల మీద నిలబడి, "నీకు పిల్లల్లేరని కుళ్ళు! ఆ కుళ్ళుతోనే నా పిల్ల మీద పడ్డావ్!" అనేసింది. వీధి వాళ్ళందరికీ వినపడేలా అనేసింది.

పెద్దకోడలు మిషను ఆపి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజునించి ఈ రోజు వరకూ ఇద్దరి మధ్యా ముఖాముఖీ మాట లేదు. మాటతోపాటు ఆ ఒక్క పదం కూడా ఇంట్లోంచి లేచిపోయింది. పిల్ల మాత్రం ఎప్పట్లాగే సాయంత్రమయ్యేసరికి పుస్తకాలు పట్టుకుని మెట్లు దిగి మిషను పక్కన చేరుతుంది. దాన్ని ఎవరూ ఆపలేదు. ఆపే ధైర్యం ఎవరికీ లేదు.

ఇదిలా ఉండగా నగరపాలక సంస్థ వారు కొత్త నిబంధన తెచ్చారు. ఏ ఇంటి తడి చెత్త ఆ ఇంట్లోనే ఎరువు కావాలి. బండి వస్తుంది గానీ పొడి చెత్త మాత్రమే పట్టుకెళ్తుంది, అది కూడా కడిగి ఆరబెట్టిన ప్లాస్టిక్కు, కాగితం, గాజు, విడివిడిగా. డోర్ నంబరుకి ఒక ఆకుపచ్చ డబ్బా ఇస్తారు. మూడుసార్లు వచ్చి చూస్తారు. మూడుసార్లూ డబ్బా సరిగ్గా లేకపోతే, ఆ నంబరు కింద రెండు వంటిళ్ళుంటే వాటిని రెండు నంబర్లుగా విడగొట్టేస్తారు. రెండు నంబర్లంటే రెండు డబ్బాలు, వీధిలోకి రెండు వేరు వేరు వాకిళ్ళు. ఎవరి చెత్తకి వాళ్ళే పూచీ.

ఆ డబ్బా మోసుకొచ్చిన మనిషికి వీధి వీధంతా అప్పటికే "కుళ్ళు మాస్టారు" అని పేరు పెట్టేసింది. పాపం, పెట్టక ఏం చేస్తారు? ఆయన నోరు తెరిస్తే అదే మాట.

"చూడండమ్మా, కుళ్ళడమంటే అసహ్యించుకోకూడదు. కుళ్ళితేనే ఎరువు. ఎంత బాగా కుళ్ళితే అంత మంచిది. మీ ఇద్దరి కుళ్ళూ ఈ ఒక్క డబ్బాలోనే పడాలి. అర్థమైందా?"

పెద్దకోడలు కర్టెను అంచు చూసుకుంటూ కూర్చుంది. చిన్నకోడలు మెట్ల రెయిలింగు మీద లేని దుమ్ము తుడుస్తోంది. అన్నగారు ప్రెస్సులో అక్షరాల మధ్య బతికి బతికి మాటలంటే మొహం మొత్తిన మనిషి, ఆయన కూడా ఒకసారి దగ్గాడు. తమ్ముడు "అర్థమైంది సార్, అర్థమైంది" అంటూ ఆయన్ని గేటు దాకా దాదాపు తోసుకెళ్ళాడు. ఆ ఇంట్లో ఆయన్ని "డబ్బాలాయన" అనడం ఖాయమైంది.

పెరట్లో నీళ్ళ పంపు పక్కన డబ్బా వెలిసింది. పైవాళ్ళ తొక్కలు పైవాళ్ళు తెచ్చి వేస్తారు, కిందివాళ్ళవి కిందివాళ్ళు. ఒకరు పెరట్లో ఉంటే ఇంకొకరు వంటింటి గుమ్మంలో ఆగుతారు. చెత్త పారేయడానికి కూడా వంతులు వచ్చాయన్నమాట.

మొదటిసారి తనిఖీకి వచ్చినప్పుడు మాస్టారు చేతికి తొడుగు వేసుకుని డబ్బాలో మోచేతి దాకా దిగాడు. బయటికొచ్చిన గుప్పిట్లో గోరంత ప్లాస్టిక్ ముక్కలు ఏడెనిమిది ఉన్నాయి. మూడు మూలలవి, నీలం రంగువి.

"పాల ప్యాకెట్టు మూలలమ్మా! ఊరంతా ఇదే గొడవ. కత్తెరతో మూల కొయ్యడం, ఆ ముక్క తొక్కల్లో పడటం. వందేళ్ళయినా ఇది కుళ్ళి చస్తుందా? ఇది ఒకటి."

ఒకటి అంటే ఒక తప్పు. కిందివాళ్ళు కొనేది ఎర్ర ప్యాకెట్టు. నీలం ప్యాకెట్టు ఎవరిదో చెప్పడానికి పెద్దగా బుర్ర అక్కర్లేదు. కానీ పెద్దకోడలు నోరు విప్పలేదు. ఆ సాయంత్రం మాత్రం ఎక్కడినుంచో వచ్చి గోడ మీద కూర్చున్న పిల్లిని పట్టుకుని గట్టిగా క్లాసు తీసుకుంది.

"ఏమే పిల్లీ, ప్యాకెట్టు కోసేటప్పుడు మూల పూర్తిగా తెగనివ్వకుండా, కొంచెం వేలాడేలా కొయ్యొచ్చుగా? అప్పుడు ముక్క ఎక్కడికీ పోదు, కడిగి ఆరేస్తే ప్యాకెట్టుతోటే పోతుంది. ఇంత చదువుకున్నావు, ఆ మాత్రం తెలీదుటే?"

పిల్లికి తెలిసిందో లేదో గానీ పైన కిటికీ దగ్గర గాజులు చప్పుడయ్యాయి. మర్నాటినుంచి ముక్కలు తగ్గాయి. పూర్తిగా పోలేదు. ఆ పోనివాటిని పెద్దకోడలే రోజూ సాయంత్రం పుల్లతో వెతికి ఏరేసేది. పరాయి వంటింటి ఎంగిలి తొక్కల్లో చెయ్యి పెట్టాల్సి వచ్చిందే అని ఒళ్ళు మండేది. ఏరడం మాత్రం మానేది కాదు.

రెండోసారి వచ్చేసరికి డబ్బా మూత తీయగానే కంపు గుప్పుమంది. తెల్లటి పురుగులు అంచుల దాకా పాకుతున్నాయి. నీళ్ళు మరీ ఎక్కువైపోయాయట. "తడి ఎంత పడితే ఎండుటాకులు అంత పడాలమ్మా. ఇది కుళ్ళడం కాదు, మురగడం. రెండూ ఒకటి కాదు," అని పాఠం చెప్పి, "ఇది రెండు," అన్నాడు మాస్టారు. పై మెట్టు మీంచి చూస్తున్న చిన్నకోడలు పురుగులు కనపడగానే మొహం తిప్పుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాపం, ఆవిడకి క్రిమి అంటే శత్రువు. అది కనపడకుండా చేస్తేనే ఆసుపత్రి వాళ్ళు జీతమిచ్చేది.

ఆ రాత్రి భోజనాలయ్యాక తమ్ముడు కిందికి దిగొచ్చి అన్నగారి ఎదురుగా కూర్చున్నాడు. హార్డ్‌వేర్ షాపులో పనిచేస్తాడు కాబట్టి మేస్త్రీలు, ఇటుకలు అతనికి మంచినీళ్ళప్రాయం.

"ఎలాగూ మూడోది కూడా పోయేలా ఉందన్నయ్యా. ముందే సిద్ధంగా ఉండటం మంచిది. బయటినుంచి ఇనప మెట్లు వేయిస్తా. రెండు రోజుల పని. ఈ లోపలి మెట్ల దగ్గర గోడ కట్టించేస్తే సరి. మీకూ హాలు పెద్దదవుతుంది."

అన్నగారు "ఊఁ" అన్నాడు. ఆయన "ఊఁ" కి అవునని అర్థమో కాదని అర్థమో ఆయన పెళ్ళానికే తెలీదు.

"వదినా, నువ్వేమంటావ్?"

"నేననేదేముంది? నీ ఇల్లు, నీ మెట్లు," అంది పెద్దకోడలు. సూదిలోకి దారం ఎక్కించబోతే మూడుసార్లు తప్పింది.

ఆ రాత్రి ఆవిడకి నిద్ర పట్టలేదు. హాలు పెద్దదవుతుందట! హాలు ఎవడికి కావాలి? బయటి మెట్లు ఎక్కి దిగాలంటే పిల్ల ముందు వీధిలోకి వెళ్ళాలి, గేటు తియ్యాలి, ఇంకో గుమ్మం ముందు నిలబడి తలుపు కొట్టాలి. మొదటి వారం వస్తుంది. తర్వాత పరీక్షలంటుంది. తర్వాత పండగో పబ్బమో వస్తే చుట్టపుచూపుగా వస్తుంది. ఎలా జరుగుతుందో ఆవిడకి కళ్ళకి కట్టినట్టు కనిపించింది. డబ్బా నెగ్గితే మెట్లుంటాయి. డబ్బా ఓడితే గోడ లేస్తుంది. పదిహేనేళ్ళ పెంపకం వచ్చి వచ్చి ఒక చెత్తడబ్బా మీద ఆగిందా దేవుడా అనుకుని, నవ్వాలో ఏడవాలో తెలీక, దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

తెల్లారినప్పటినుంచి ఆవిడ ఆ డబ్బాని పసిబిడ్డని సాకినట్టు సాకింది. మురిగిందంతా తీసి పెరట్లో గుంటలో పూడ్చేసింది. వీధి చివర చెట్ల కింద రాలిన ఎండుటాకులు గోనెసంచిలోకి ఊడ్చుకొచ్చింది. ప్రెస్సులో మిగిలిన కాగితం మొగుడి చేత తెప్పించి సన్నగా చింపింది. తొక్కలు చిన్నచిన్న ముక్కలు చేసి, పొర వేసి, పొర మీద పొర వేసి, నాలుగు రోజులకోసారి కర్రతో కింది నుంచి పైకి తిరగేసింది. కంపు పోయింది. పురుగులూ పోయాయి. మొదటి వారం ఎంత సంబరపడిందో!

రెండో వారానికి సంబరం కాస్తా అనుమానమైంది. బీరకాయ చెక్కు వేసింది వేసినట్టే ఉంది. అరటితొక్క నల్లబడింది గానీ కరగలేదు. వంకాయ ముచ్చిక పచ్చగా, ఇవాళే కోసినట్టు నిగనిగలాడుతోంది. డబ్బాలో చెయ్యి పెడితే వెచ్చగా ఉండాలని మాస్టారు చెప్పాడు. ఇది చల్లగా, బీరువాలో దాచిన చీరలాగా ఉంది.

"ఏమండీ, డబ్బాలో అది అవ్వట్లేదండీ," అంది మొగుడితో.

"ఏది?"

"అదే. అవ్వాల్సింది."

"ఏమవ్వాలి?"

"అబ్బా, మీకు అన్నీ విడమరిచి చెప్పాలి! తొక్కలు... తొక్కల్లా ఉండిపోతున్నాయి."

అన్నగారు "ఊఁ" అన్నాడు.

ఎవర్నైనా అడుగుదామంటే నోటికి ఆ మాట రాదు. పక్కింటావిడ "మీది బాగా కుళ్ళుతోందా?" అని పలకరించినప్పుడు కూడా "ఆఁ, ఏదో" అని తప్పుకుంది. తొక్కలు త్వరగా ఎరువవడానికని డబ్బాతోపాటు మాస్టారు ఇచ్చిన పొడి రెట్టింపు చల్లింది. పుల్లమజ్జిగ పోసింది. బెల్లంనీళ్ళు పోసింది. వంకాయ ముచ్చిక ఆవిడ మొహంలోకి చూస్తూ అలాగే ఉంది. ఈలోగా తమ్ముడు చెప్పిన ఇటుకల బండి వచ్చి గేటు లోపల ఇటుకలు పేర్చి పోయింది.

మూడోసారి మాస్టారు వచ్చిన రోజు ఆదివారం. అందరూ ఇంట్లోనే ఉన్నారు. తమ్ముడు చేతులు కట్టుకుని పంపు దగ్గర నిలబడ్డాడు. పిల్ల వంటింటి గుమ్మంలో తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. చిన్నకోడలు పొద్దుటి డ్యూటీ దిగి అప్పుడే వచ్చింది, ఇంకా బ్యాగు భుజాన్నే ఉంది. పెద్దకోడలు డబ్బా మూత తనే తీసింది.

మాస్టారు వంగి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. ఒక గుప్పెడు తీసి అరచేతిలో చిదిమాడు. అది చితకలేదు.

"ఇదేంటమ్మా? మట్టి వాసనైనా రావాలి, కంపైనా రావాలి. ఏదీ లేదే!"

ఇంకా లోతుకి చెయ్యి పెట్టాడు. మొదటి వారం వేసిన తొక్కలు కూడా మాసిపోని మొహాలతో బయటికొచ్చాయి.

"ఒక్క పురుగు లేదు. వేడి లేదు. బూజైనా పట్టలేదు." ఆయన నడుము నిలబెట్టి, చెయ్యి దులుపుకుని, పెద్దకోడలి వైపు సూటిగా చూస్తూ ఊరందరికీ చెప్పినట్టు చెప్పాడు. "నా సర్వీసులో ఇన్ని ఇళ్ళు చూశాను గానీ ఇలాంటిది చూడలేదమ్మా. మీ ఇంట్లో కుళ్ళు లేదు. అసలు కుళ్ళన్నదే లేదు!"

తమ్ముడు కట్టుకున్న చేతులు విప్పాడు.

పెద్దకోడలికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో మూత నేల మీద పెట్టేసింది. ఆరేళ్ళ కిందట వీధంతా వినేలా తన మీద పడిన మాటని, ఇవాళ ప్రభుత్వం మనిషి వచ్చి, చెయ్యి పెట్టి వెతికి మరీ, లేదు పొమ్మన్నాడు. ఇంతకంటే పెద్ద తీర్పు ఎవరిస్తారు? కానీ ఆ తీర్పుకి అర్థం గోడ. లేదన్నందుకే ఓడిపోయింది. ఆవిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుంటే మళ్ళీ తిరిగాయి.

"మరి ఇది మూడు," అన్నాడు మాస్టారు, జేబులోంచి పెన్ను తీస్తూ.

"ఆగండి," అంది చిన్నకోడలు.

బ్యాగు కింద పెట్టి నాలుగడుగులు ముందుకొచ్చింది.

"అందులో మందు పోశాను. మా ఆసుపత్రిలో కత్తులు ముంచే మందు. కొనుక్కొచ్చి రోజూ ఒక మూత నీళ్ళలో కలిపి పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ పోశాను. ఆ పురుగులు చూశాక... అవి మళ్ళీ పడితే ఈసారి కూడా పోతుంది కదా అని. వాసనుండదు, రంగుండదు, ఎవరికీ తెలీదనుకున్నా."

మాస్టారు నోరు వెళ్ళబెట్టాడు. "అమ్మా తల్లీ! కుళ్ళబెట్టేవే ఆ క్రిములమ్మా! వాటినే చంపేస్తే ఇంకెవరు చేస్తారా పని?"

"మరి మాకు చంపడమే నేర్పారండీ," అంది చిన్నకోడలు బిక్కమొహంతో. పిల్ల కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది.

తమ్ముడు పెళ్ళాం వైపు వింతగా చూశాడు. "గోడ రాకూడదని పోశావా? నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా! ఇటుకలు కూడా దింపించాను కదే!"

"నువ్వు అడిగావా?" అంది చిన్నకోడలు.

మాస్టారు కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆయన కటువైన మనిషి కాదు, రూలు తప్పే మనిషీ కాదు. "చూడండి. కుళ్ళకపోతే తప్పు. కుళ్ళనివ్వకపోవడం వేరు. మందు పడిన డబ్బా లెక్కలోకి రాదు. ఇదంతా తీసి విడిగా పెట్టండి, నేను మనిషిని పంపిస్తా. డబ్బా కడిగి, ఎండబెట్టి, మొదటినుంచి మొదలెట్టండి. నెల తర్వాత వస్తా. ఈసారి మాత్రం కుళ్ళాలి!" అని వేలు చూపించి వెళ్ళిపోయాడు. ఆయన వెనకాలే తమ్ముడు ఇటుకలు వాపసు తీసుకుంటారేమో కనుక్కోవాలని బయల్దేరాడు. అన్నగారు పిల్లని లోపలికి పిలిచాడు. ఆయన తనంతట తాను ఒకర్ని పిలవడం అదే మొదలు.

పెరట్లో ఇద్దరే మిగిలారు. డబ్బా బరువుగా ఉంది, ఒక్కరివల్ల కాదు. పెద్దకోడలు ఒక పక్క పట్టుకుంది. చిన్నకోడలు వచ్చి రెండో పక్క పట్టుకుంది. గోనెపట్టా మీద బోర్లిస్తే తాజా తొక్కలన్నీ కుప్పగా పడ్డాయి.

"రోజూ మూతెడా?" అంది పెద్దకోడలు, తొక్కల వైపు చూస్తూనే.

"ఊఁ."

"నీ దుంపతెగ! నేను పక్కనే కూర్చుని మజ్జిగ పోసి, బెల్లంనీళ్ళు పోసి..."

"చూశాను. నువ్వెందుకు పోస్తున్నావో అర్థం కాలేదు. అడుగుదామంటే..." చిన్నకోడలు కింద చతికిలబడి, చేతిలోకి వచ్చిన వంకాయ ముచ్చిక గిల్లుతూ కూర్చుంది. "అక్కా, ఆయన చెప్పింది నిజమే. నీ దగ్గర లేదు. కుళ్ళు నాది."

పెద్దకోడలు ఖాళీ డబ్బాని పక్కకి జరిపింది.

"పిల్ల మాటలు నేర్చే రోజుల్లో ఒకనాడు డ్యూటీ దిగి వస్తే, తలుపు దగ్గరే వినపడింది. అది నిన్ను అమ్మా అని పిలుస్తోంది. ఇంకా నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు. నువ్వేమో 'అమ్మ కాదే, పెద్దమ్మ అనాలి, పెద్దమ్మ' అని దాని చేత చెప్పిస్తున్నావు. నువ్వు పిలిపించుకుని ఉంటే పోట్లాడేదాన్ని, పోయేది. దిద్దావు చూడు, అది భరించలేకపోయాను. అంత మంచిదానివి ఎందుకయ్యావని కుళ్ళిపోయాను. అన్నేళ్ళూ లోపల పెట్టుకుని, ఆఖరికి నాలో ఉన్నదే నీ మీద అనేశాను."

పంపులోంచి నీళ్ళు బొట్టు బొట్టుగా పడుతున్నాయి. పెద్దకోడలు వెళ్ళి దాన్ని గట్టిగా కట్టేసి వచ్చింది. వచ్చి తోడికోడలి పక్కనే నేల మీద కూలబడింది.

"నువ్వు అన్నది అబద్ధమైతే ఆ రోజే నాలుగు దులిపేసి, తెల్లారేసరికి మర్చిపోయేదాన్ని," అంది నెమ్మదిగా. "నువ్వు విన్నది మూడోరోజు. అంతకుముందు రెండ్రోజులు అది అలాగే పిలిచింది. నేను దిద్దలేదు."